నీళ్ళ చుట్టూ కంచె ఎందుకు?



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో వెలిగండ్ల నుంచి ఒక పాప వ్రాసిన ఉత్తరం వున్నది. ఆ పాప ఆరో తరగతి చదువుతున్నది. ఆమె బాబాయి ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో వుద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ ఇంటి పెరటిలో చిన్న ఈతకొలను వున్నదట. దాని చుట్టూ ఇనుప కంచె, కంచెకు ఒక తలుపు. ఒకనాడు ఎవరో మనిషి కొలత టేపు పట్టుకుని వచ్చి, కంచె అంతా కొలిచి, ఆ తలుపును పదిసార్లు తెరిచి వదిలి, కాగితం మీద ఏదో వ్రాసుకుని పోయాడట.

"ఇల్లు వాళ్ళది, నీళ్ళు వాళ్ళవి. మధ్యన ఆయనకేం పని? అయినా, ఈదడానికి కొలను కట్టుకుని, దానిలోకి పోకుండా మళ్ళీ కంచె కట్టుకోవడం ఏమిటి?" అని ఆ పాప అడిగింది. ఉత్తరం చివర ఇంకొక వాక్యం కూడా వున్నది: "మా వూళ్ళో నీళ్ళే లేవు కాబట్టి మాకు ఈ బాధ లేదు."

ఆ చివరి వాక్యం చదివి నేను రెండు రోజులు ఆలోచనలో పడ్డాను. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు మెల్బోర్న్ కంచె సంగతి చూద్దాం.

ఆ కంచె ఈత వచ్చినవాళ్ళ కోసం కట్టింది కాదు. ఇప్పుడిప్పుడే నడక నేర్చి, ఇల్లంతా తిరుగుతూ, కనిపించిన ప్రతిదానినీ తాకి చూడాలనుకునే రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లల కోసం కట్టింది. ఆ వయసులో వొంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. నీళ్ళలో తన నీడ చూసుకుందామని వంగితే చాలు, తల ముందుకు లాగుతుంది. పడిన తరువాత లేచి నిలబడడం ఆ పసివాడికి తెలియదు. ఇంకొక సంగతి పెద్దవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు. మునిగేవాళ్ళు కేకలు వేస్తారని మనం అనుకుంటాం. కేక వేయాలంటే ముందు వూపిరి కావాలి కదా! నోరు నీళ్ళలో మునిగి తేలుతున్నప్పుడు వూపిరి తీసుకోవడానికే వ్యవధి చాలదు. కాబట్టి చిన్నపిల్లలు చప్పుడు లేకుండా మునిగిపోతారు. వంటింట్లో వున్న తల్లికి ఏమీ వినిపించదు.

మెల్బోర్న్ వున్న విక్టోరియా రాష్ట్రంలో 30 సెంటీమీటర్ల కంటె లోతుగా నీళ్ళు నిలవగల ఈతకొలనుకు కంచె వుండి తీరాలి. 30 సెంటీమీటర్లంటే ఎంత? మీ సంచిలో వున్న స్కేలు పొడుగే!

ఇప్పటి నియమం ప్రకారం ఆ కంచె 1.2 మీటర్ల ఎత్తు వుండాలి. మన లెక్కలో నాలుగడుగులకు రమారమి ఒక అంగుళం తక్కువ. నిలువు కడ్డీల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటగూడదు. అంత సందులో నుంచి పసివాడు దూరలేడు. కంచె అడుగున, నేలకూ కంచెకూ మధ్య కూడా అంతకు మించి సందు వుండరాదు. ఎందుకంటే పైకెక్కలేనివాడు కిందనుంచి పాకుతాడు. పిల్లల సంగతి తెలిసినవాళ్ళే ఈ నియమాలు వ్రాశారని నాకు అనిపిస్తుంది.

అన్నిటికంటె తమాషా అయినది తలుపు. అది కొలను వైపుకు తెరుచుకోగూడదు, బయటికే తెరుచుకోవాలి. ఎందుకో చెప్పగలరా? ఒకనాడు గడియ సరిగా పడలేదనుకోండి. బయటనుంచి వచ్చిన పసివాడు ఏం చేస్తాడు? తలుపును తోస్తాడు. అది లోపలికి తెరుచుకునే తలుపైతే వెంటనే తెరుచుకుంటుంది. బయటికి తెరుచుకునే తలుపైతే వాడు తోసినకొద్దీ మూసుకుంటుంది! పైగా తలుపు బందులలో స్ప్రింగు వుంటుంది. ఎవరు తెరిచి వదిలినా అది తనంతట తానే వచ్చి మూసుకుని, గడియ తనంతట తానే పడాలి. బాబాయి ఇంటికి వచ్చిన మనిషి తలుపును పదిసార్లు ఎందుకు తెరిచి వదిలాడో ఇప్పుడు తెలిసింది కదా! బార్లా తెరిచి వదిలితే ఏ తలుపైనా జోరుగా వచ్చి పడుతుంది. రెండంగుళాలు మాత్రం తెరిచి వదిలినప్పుడు కూడా గడియ పడుతుందా అన్నది చూడాలి. ముసలి స్ప్రింగు అక్కడ దొరికిపోతుంది.

మరి ఇల్లు వాళ్ళదైనప్పుడు ఆయనకేం పని అంటారా? కంచె కట్టిన రోజున బాగానే వుంటుంది. తరువాత బందులు తుప్పు పడతాయి. వానలకు నేల దిగబడి స్తంభం వొరుగుతుంది. మొన్న పసిమొలకగా నాటిన చెట్టు కొమ్మలు వేసి, ఎక్కడానికి నిచ్చెనలాగా తయారవుతుంది. ఎండ తగులుతుందని ఎవరో కుర్చీ తెచ్చి కంచె పక్కన వేసుకుంటారు. ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తూనే వుంటారు కనుక వాళ్ళకు ఈ మార్పులు కనబడవు. అందుకని ఆ రాష్ట్రంలో 2019 డిసెంబరు 1 నుంచి కొత్త నియమాలు పెట్టారు. ఈతకొలను వున్న ప్రతి ఇంటివారూ వూరి పాలకసంఘం దగ్గర దాని వివరాలు నమోదు చేయించాలి. నాలుగేళ్ళకొకసారి అర్హత గలవారిచేత కంచెను పరీక్ష చేయించి, సరిగా వున్నదని పత్రం దాఖలు చెయ్యాలి. న్యూజిలాండులో మూడేళ్ళకొకసారి పరీక్ష.

కుర్చీ మాట అనగానే నాకొక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. నా చిన్నతనంలో మా అమ్మమ్మగారింటి పెరటి బావికి నా ఛాతీ దాటి పిట్టగోడ వుండేది. దానిమీదుగా లోపలికి తొంగిచూడడం నా తరం కాదు. ఒక వేసవిలో ఎవరో బట్టలుతుక్కునే రాతిబండను ఆ గోడకు ఆనించి వేశారు. నాకు అంతకంటె ఏం కావాలి! బండ మీదికెక్కి, గోడ మీద పొట్ట ఆనించి, బావిలోకి "ఓహో!" అని అరిచాను. బావి కూడా "ఓహో!" అన్నది. మూడోసారి అరిచేలోగా అమ్మమ్మ వచ్చి నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. నన్నొక్క మాట కూడా అనలేదు. కేకవేసి ఇద్దరు మనుషులను పిలిపించి, సాయంత్రం లోపల ఆ బండను పెరటి ఆ చివరకు దొర్లించింది. ఆస్ట్రేలియా నియమాలలో కంచెకు సుమారు మూడడుగుల దూరం లోపల ఎక్కడానికి వీలైన వస్తువేదీ వుండరాదని చదివినప్పుడు, మా అమ్మమ్మే గుర్తుకు వచ్చింది.

ఇక "మా వూళ్ళో నీళ్ళే లేవు" అన్న మాటకు వస్తాను.

వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు వానలు తక్కువగా పడే చోట్లు. నేల కింద చాలాచోట్ల గట్టి రాయి. ఆ రాతిలో నీరు చెరువులో లాగా నిండి వుండదు. పగుళ్ళలో మాత్రమే వుంటుంది. బోరు ఆ పగులును తాకితే నీళ్ళు పడతాయి, తాకకపోతే పడవు. పడిన నీళ్ళు కూడా నాలుగేళ్ళు కరువు వస్తే ఇంకిపోతాయి. అప్పుడు బత్తాయి తోటను బ్రతికించుకోవాలని రైతు పక్కనే ఇంకొక బోరు వేస్తాడు. అదీ పడకపోతే మూడోది. అమ్మాయీ, నీ ఉత్తరం మధ్యలో నువ్వే వ్రాశావు కదా, "మా నాన్న మూడు బోర్లు వేశారు, రెండు పడలేదు" అని. ఆ పడని రెండు బోర్ల నోళ్ళూ ఇప్పుడెలా వున్నాయి? నన్ను రెండు రోజులు ఆలోచింపజేసినది అదే. నీళ్ళు లేని వూళ్ళోనే ఖాళీ గోతులు ఎక్కువ!

బోరు వేసేటప్పుడు పైన వున్న మెత్తటి మట్టి లోపలికి జారిపోకుండా, రాయి తగిలేదాకా ఒక గొట్టం దించుతారు. దానిని కేసింగు అంటారు. కింద రాయి తనంతట తానే నిలబడుతుంది కనుక అక్కడ గొట్టం అక్కరలేదు. బోరు పడకపోతే చాలామంది ఆ కేసింగును పైకి లాగి, తరువాతి బోరుకు వాడుకుంటారు. గొట్టం ఖరీదైనది, అప్పు చేసి కొన్నది. లాగుకోవడంలో నేను తప్పుపట్టను. కాని గొట్టం తీసిన తరువాత మట్టి అంచులు విరిగి లోపలికి పడుతూ వుంటాయి. నిన్న జానెడు వున్న నోరు రెండు వానలకు గరాటులాగా వెడల్పవుతుంది. దాని కింద వందల అడుగుల లోతు. ఇక ఆ నోటి మీద ఎవరో ఒక గోనెసంచి కప్పి, రాయి పెట్టి పోతారు. నన్నడిగితే ఇది మూత లేకపోవడం కంటె కూడా ప్రమాదం. తెరిచి వున్న గోతిని పిల్లవాడు చూసైనా తప్పుకుంటాడు. గోనె కప్పిన గోతిని నేల అనుకుని కాలు పెడతాడు.

2017 ఆగస్టు 15న వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో ఇలాగే రెండేళ్ళ బాబు ఆడుకుంటూ బోరుగుంతలో పడిపోయాడు. ఆ వూరు అప్పుడు గుంటూరు జిల్లాలో వుండేది, ఇప్పుడు పల్నాడు జిల్లా. బాబు సుమారు 15 అడుగుల లోతున ఇరుక్కున్నాడు. గొట్టం ద్వారా లోపలికి ప్రాణవాయువు పంపుతూ, ఎన్.డి.ఆర్.ఎఫ్. దళంవారు పక్కనే పెద్ద గొయ్యి తవ్వించి, అందులోనుంచి అడ్డంగా దారి చేసి, 11 గంటల తరువాత తెల్లవారుజామున బాబును ప్రాణాలతో పైకి తెచ్చారు. వూరంతా ఆ రాత్రి నిద్రపోలేదు. కాని అదే ఏడాది జూన్‌లో తెలంగాణలోని చేవెళ్ళ మండలం ఇక్కారెడ్డిగూడలో ఏడాదిన్నర పాప బోరులో పడింది. రెండు రోజులకు పైగా ఎందరో ఎన్నో విధాల ప్రయత్నించారు. ఆ పాప దక్కలేదు.

ఇటువంటివి దేశంలో చాలాచోట్ల జరుగుతూ వుండగా, సుప్రీంకోర్టు 2009లో ఈ విషయాన్ని విచారణకు తీసుకున్నది. 2010 ఫిబ్రవరిలో నియమాలు చెప్పి, ఆగస్టులో వాటిని సవరించింది. మెల్బోర్న్ కంచెకు నియమాలున్నట్టే మన బోరుకూ వున్నాయన్నమాట! బోరు వేయదలచినవాడు 15 రోజుల ముందుగా అధికారులకు వ్రాతపూర్వకంగా తెలపాలి. అధికారులంటే కలెక్టరే కానక్కరలేదు, వూరి సర్పంచి కూడా ఆ జాబితాలో వున్నాడు. పని జరుగుతున్నంతకాలం చుట్టూ ముళ్ళతీగ కంచె గాని, తగిన అడ్డు గాని వుండాలి. యజమాని పేరు, బోరు వేసేవారి పేరు చిరునామాలతో అక్కడ బోర్డు పెట్టాలి. కేసింగు చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల సిమెంటు దిమ్మె కట్టాలి. అది నేలపైన ఒక అడుగు, నేల లోపల ఒక అడుగు వుండాలి. బోరు నోటికి ఇనుపరేకు అతికించాలి, లేదా మరలు బిగించిన గట్టి మూత పెట్టాలి. మోటారు బాగుచేయడానికి పైకి తీసినప్పుడు కూడా, అది తిరిగి వచ్చేదాకా నోరు తెరిచి వదలగూడదు.

ఇక పడని బోరు సంగతి. దానిని మట్టి, ఇసుక, గులకరాళ్ళు, బోరు వేసినప్పుడు పైకి వచ్చిన రాతిపొడి, వీటితో అడుగునుంచి నేలమట్టం దాకా పూడ్చాలి. "అడుగునుంచి" అన్న మాట ముఖ్యం. పైనుంచి నాలుగు పెద్దరాళ్ళు దొర్లిస్తే అవి మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటాయి. చూడడానికి పూడినట్టే వుంటుంది. పెద్దవాన వచ్చినప్పుడు అవి కాస్తా జారిపోయి గొయ్యి మళ్ళీ నోరు తెరుస్తుంది. సరిగా పూడ్చితే ఇంకొక లాభం కూడా వున్నది. పైనున్న మురికినీరు ఆ గొట్టంగుండా నేరుగా భూగర్భంలోకి పోయి, పక్కవాళ్ళ మంచినీటి బోరును పాడుచేయకుండా వుంటుంది. తమాషా ఏమంటే, పూడ్చడానికి కావలసిన రాతిపొడి కుప్ప చాలాసార్లు ఆ బోరు పక్కనే పడి వుంటుంది. దూరం నుంచి తేనక్కరలేదు.

ఈ పనులు జరిగాయా లేదా అని చూడవలసింది ఎవరు? జిల్లాలో కలెక్టరు. పల్లెలలో సర్పంచి, వ్యవసాయశాఖ అధికారులు. జిల్లాలో ఎన్ని బోర్లు వాడుకలో వున్నవి, ఎన్ని విడిచిపెట్టినవి, వాటిలో ఎన్ని తెరిచి వున్నవి, ఎన్ని పూడ్చినవి అని వూరివారీగా లెక్క వుంచాలని కూడా కోర్టు చెప్పింది. అంటే మెల్బోర్న్‌లో టేపు పట్టుకుని వచ్చిన మనిషి పని మనకు కొత్తది కాదు. కాకపోతే అక్కడ గడువు వున్నది, నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ మనిషి వచ్చి తీరతాడు. ఇక్కడ ప్రమాదం జరిగిన వారం రోజులపాటు అందరూ తిరుగుతారు, ఆ తరువాత మరచిపోతారు.

మీలో కొందరు, "మా తాత బోరు చుట్టూ కంప వేశాడు" అని అంటారు. మంచిదే. కాని కంపను ఎప్పుడు వేశాడు? సర్కారుతుమ్మ కంప ఒక వానాకాలం తడిసి, చెద పట్టి, మరుసటి వేసవికి కుంగిపోతుంది. ఈ సంగతి మీ ప్రాంతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. చేను చుట్టూ వేసిన కంపను మేకలు దూరకుండా ఏటేటా సరిచేసుకుంటారు. ఎక్కడ సందు పడిందో నడిచి చూసుకుంటారు. కందిచేనుకు చేసే ఆ పరీక్షనే బోరుగుంతకు కూడా చేస్తే చాలు.

బోర్లే కాదు, పాత మోటబావులు కూడా వున్నాయి. చాలావాటికి పిట్టగోడ లేదు. మోట లాగే ఎడ్లు పోయినా, బావి అలాగే నేలమట్టంగా వుండిపోయింది. చుట్టూ గడ్డి పెరిగితే దగ్గరికి వచ్చేదాకా అంచు కనబడదు. ఈ మధ్య పొలాలలో తవ్వుతున్న నీటికుంటలు ఇంకొకటి. కొన్ని కుంటలలో నీరు ఇంకిపోకుండా ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. వానలు పడ్డాక ఆ వాలు మీద పాచి పడుతుంది. ఈత వచ్చిన పెద్దవాడు కూడా దానిలోనుంచి పైకి ఎక్కలేడు, కాళ్ళు జారిపోతూ వుంటాయి. అటువంటి కుంటకు చుట్టూ కంచె వుండాలి. ముళ్ళు వేసిన గట్టి తాడును గట్టు మీద గుంజకు కట్టి నీళ్ళలోకి వేలాడవేయాలి. తాడుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఎవరైనా పడినప్పుడు మీరు నీళ్ళలోకి దూకవద్దు, ఎంత ప్రాణస్నేహితుడైనా సరే. ఒడ్డున పడుకుని పొడుగాటి కర్ర గాని, తువ్వాలు గాని అందించండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరినా దాన్ని పట్టుకుని తేలుతారు. వెంటనే పెద్దవాళ్ళను కేకవేయండి. 112కు ఫోను చేయించండి.

వెలిగండ్ల అమ్మాయీ! ఇప్పుడు నీకొక పని చెబుతాను. ఒక షరతు మీద. ఒంటరిగా ఏ బోరు దగ్గరికీ, ఏ బావి దగ్గరికీ పోగూడదు. నోటిలోకి తొంగిచూడగూడదు. అంచు మట్టి ఎప్పుడు విరుగుతుందో తెలియదు. మీ నాన్న పొలానికి పోయేటప్పుడు ఆయనతో కలిసి వెళ్ళి, పది అడుగుల దూరంలో ఆగి, ఆయన చూసి చెప్పినది నువ్వు వ్రాసుకో. మీ మార్కాపురం పలక వున్నదిగా, దాని మీద గీతలు గీస్తే సరిపోతుంది. ఒక వైపు ఎవరి పొలమో, ఇంకొక వైపు మూత వున్నదా లేదా, వుంటే అది మరలు బిగించిన మూతా లేక గోనెసంచా. దిమ్మె వున్నదా? కంచె ఈ ఏటిదా, నిరుటిదా? ముందు మీ సొంత బోర్లు రెండూ వ్రాయి. వాటిని పూడ్పించిన తరువాత పక్క పొలాలవి వ్రాయవచ్చు. మనవి తెరిచి వుంచుకుని ఎదుటివాళ్ళకు చెబితే ఎవరు వింటారు?

జాబితాను శుభ్రంగా కాగితం మీదికి ఎక్కించి, మీ నాన్నచేత గాని, మీ బడి మాస్టారిచేత గాని సర్పంచికి ఇప్పించు. ఒక నకలు నీ దగ్గర వుంచుకో. దాని మీద తేదీ వెయ్యడం మరచిపోకు. మళ్ళీ వానలు పడ్డాక అదే జాబితా పట్టుకుని అదే దారిన ఇంకొకసారి నడవాలి కదా! అప్పుడు ఎన్ని పూడ్చారో, ఎన్ని మిగిలాయో నాకు వ్రాయి. ఆ లెక్కను ఈ పేజీలోనే అచ్చు వేయిస్తాను.